టికింటర్‌తో ప్రోగ్రామింగ్ నేర్పడం: చాన్నాళ్ల వాడకం తర్వాత

మారతహళ్లిలో మన పీజీ హాస్టళ్ల పిల్లలకు ఆదివారాలు పైథాన్ చెబుతుంటాను. ఎక్కువమంది బీకామ్, బీఎస్సీ చేసి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చినవాళ్లు. ప్రైమ్ నంబర్లతో, నక్షత్రాల పిరమిడ్లతో మొదలుపెడితే కొన్ని వారాలకే సగం మంది కనబడరు. అందుకే మొదటి నుంచీ టికింటర్‌తో, అంటే పైథాన్‌లో విండోలు చేసే లైబ్రరీతో, బటన్లున్న విండోలే చేయిస్తున్నాను.

టికింటర్ పాత సరుకే. దాని అడుగున ఉన్న టీకే (Tk) అనే లైబ్రరీ 1990ల తొలినాళ్లలో జాన్ ఔస్టర్‌హౌట్ చేసింది, వాలకం కూడా ఆ కాలానిదే. అయినా విండోస్‌లో పైథాన్ వేసుకుంటే వెంటే వచ్చేస్తుంది. ఉబుంటులో మాత్రం విడిగా వేసుకోవాలి.

మా మొదటి అప్లికేషన్ రూము ఖర్చులు పంచేది. కరెంటుకో ఎంట్రీ (టైప్ చేసే గడి), నీళ్లకో ఎంట్రీ, ఒక బటన్, మొత్తం చూపించడానికి ఒక లేబుల్. ఒకబ్బాయి 1200, 300 కొట్టి బటన్ నొక్కితే 1200300 వచ్చింది. "ఏందన్నా, పన్నెండు లక్షలా!" అన్నాడు. ఎంట్రీలోంచి ఎప్పుడూ వచ్చేది స్ట్రింగే, అంటే సంఖ్య కాదు, అక్షరాల వరస; ప్లస్ పెడితే రెండూ అతుక్కుంటాయి. బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కని సంగతి ఆ బిల్లుతో ఎక్కేసింది.

బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే కమాండ్‌లో ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టడం ఇంకో తప్పు. విండో తెరుచుకునేలోపే ఫంక్షన్ నడిచిపోతుంది, ఆ తర్వాత బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఫంక్షన్‌ని చూపించడం వేరు, పిలవడం వేరని చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు దొరకలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. బటన్లూ లేబుళ్లూ అమర్చే రెండు పద్ధతులు ప్యాక్, గ్రిడ్; ఒకే ఫ్రేములో ఆ రెండూ కలిపితే వచ్చే ఎర్రర్ కొత్తవాళ్లకు బొత్తిగా అర్థం కాదు. టైమర్ కోసం పైథాన్ స్లీప్ ఫంక్షన్ వాడితే విండో బిగుసుకుపోతుంది, టికింటర్‌లోని ఆఫ్టర్ వాడమని చెప్పాలి. ఫంక్షన్ లోపల ఫొటోఇమేజ్‌తో బొమ్మ పెట్టి, దాన్ని ఫంక్షన్ బయట ఎక్కడా దాచుకోకపోతే బొమ్మ మాయమవుతుంది. ఆ కారణం మొదట్లోనే వివరించడం నా వల్ల కాదు, బొమ్మల జోలికే పోను. మా ఉబుంటు మెషీన్లో తెలుగు లేబుళ్ల ఒత్తులు చెదిరిపోయాయి, విండోస్‌లో బాగానే ఉన్నాయి.

వీబీ 6 (విజువల్ బేసిక్)లో ఫారం మీద బటన్ లాగి పడేసిన మా తరానికి ఇందులో ఆ సుఖం లేదు, ప్రతిదీ రాయాల్సిందే. నేర్పేటప్పుడు అదే మేలనిపిస్తుంది: ఏదీ తెర వెనక ఉండదు. విండోలు చేసే ఇంకో లైబ్రరీ పైక్యూటీ అందంగా ఉంటుంది గానీ తొందరగానే కోడ్‌లో క్లాసులు రాయడంలోకి దిగాల్సొస్తుంది. ఇంటర్వ్యూలో టికింటర్ అడుగుతారా అంటే, నాకు తెలిసి అడగరు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లు నెలకు మించి దీని మీద కూర్చోవద్దు.

ఆ నెలాఖరుకి పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ, అంటే పైథాన్ లేని కంప్యూటర్లోనూ నడిచే ఫైలు, చేయించండి. నంద్యాల అబ్బాయి వాళ్ల నాన్న ఎరువుల కొట్టుకి బిల్లు లెక్క చేసి పంపాడు. తెలియని ప్రోగ్రామ్ అని విండోస్ నీలం హెచ్చరిక చూపించేసరికి వాళ్ల నాన్న వైరస్ అనుకుని కంప్యూటర్ ఆపేశారట. పంపే ముందే ఫోన్ చేసి చెప్పమనండి.