నల్లగొండలో ఇరవై రోజుల కారు కోర్సు: ఎంతవరకు నేర్పుతుంది, బస్సు ఎక్కడ వదలొద్దు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్, జడ్చర్ల. ఎక్కడ అడిగినా డ్రైవింగ్ స్కూలు వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే: ఇరవై రోజులు, రోజుకు అరగంట, చిన్న కారు, చివర్లో ఆర్టీఏ టెస్టుకు తీసుకుపోవడం. ముప్పై, నలభై ఏళ్లు దాటాక నేర్చుకుందామనుకునే వాళ్ల కోసం ఈ సమీక్ష. ఏదో ఒక స్కూలు గురించి కాకుండా, అన్నిచోట్లా కనిపించే ఆ కోర్సు తీరు గురించే చెప్తాను. కోర్సు తీసుకోండి, పెట్టిన డబ్బు వృథా పోదు. కానీ అది నేర్పేది టెస్టు పాసయ్యే వరకే. పొద్దుగూకాక ఊరి తొవ్వ మీద బండి నడపడం అందులో ఉండదు, మనకు కారు అవసరం పడేది మాత్రం సరిగ్గా అక్కడే.

పగటిపూట పెద్ద రోడ్డు మీద పోయే పనికి కారు నేర్చుకోనక్కర్లేదు. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. లీటరుకు 18 ఇచ్చే పెట్రోలు కారు ఐదున్నర లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన ఒకవైపుకే దాదాపు 600. పంతంగి టోలు, ఎల్బీనగర్ నుంచి ట్రాఫిక్, పార్కింగ్ వెతుకులాట వేరే. బస్సైతే నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లోనో, హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లోనో దింపుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం టికెట్ కొనాల్సిందే.

బస్సు చేతులెత్తేసేది ఆఖరి ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర. మండల కేంద్రంలో దిగాక ఊరికి పోయే బస్సు పొద్దున రెండు, సాయంత్రం రెండు ఉంటే గొప్ప. షేర్ ఆటో నిండేదాకా కదలదు. పెండ్లి నుంచి రాత్రి పదింటికి బయల్దేరాలన్నా, ముసలివాళ్లను అర్ధరాత్రి దవాఖానకు తీసుకుపోవాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. దేవరకొండ వైపు రైలు కూడా లేదు. అందుకే ఈ కోర్సును తూచాల్సింది ఆ ఏడెనిమిది కిలోమీటర్ల తొవ్వతోనే.

ముందు నిమిషాలు లెక్కపెట్టండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం స్కూల్లో కారు నేర్చుకునే వాళ్లు కనీసం 10 గంటలు స్వయంగా నడపాలి. ఇరవై అరగంటలంటే కాగితం మీద సరిగ్గా అంతే. కానీ ఒకే కారులో ముగ్గురిని ఎక్కించుకుని వంతులవారీగా నడిపిస్తే, ఇంటి దగ్గర ఎక్కించుకునే టైమూ అందులోనే కలిపేస్తే, స్టీరింగ్ చేతిలో ఉండేది రోజుకు పది, పన్నెండు నిమిషాలు. ఇరవై రోజులకు నాలుగు గంటలు. ఆరు వేలు కట్టారనుకుందాం. పది గంటలైతే గంటకు 600, నాలుగు గంటలైతే గంటకు 1,500. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే రిజిస్టర్ ప్రతి స్కూల్లో ఉండాలి, దాన్ని ఫారం 15 అంటారు. డబ్బు కట్టేముందు ఆ రిజిస్టర్ అడగండి, రోజూ మీ నిమిషాలు మీ ముందే రాయించండి. మొహమాటపడొద్దు, అది మీ హక్కు.

రెండోది క్లచ్. ఈ కోర్సులో అన్నిటికంటే పెద్ద లోపం ఇక్కడే. స్కూలు కారులో ట్రైనర్ వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ప్రాణం కాపాడేది ఆ ఏర్పాటే, కానీ నేర్పును తినేసేదీ అదే. బండి ఆఫ్ అవుతుందేమో అనిపించగానే ట్రైనర్ తన క్లచ్ తొక్కేస్తాడు. నడిపేవాళ్లు తామే కాపాడుకున్నామనుకుంటారు. ఇరవై రోజులయ్యాక సొంత బండి ఎక్కితే గడియారం సెంటర్‌లో సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఆఫ్ అవుతుంది, వెనక హారన్లు మోగుతాయి, కాలు వణుకుతుంది. చాలామంది కారును షెడ్డులో పెట్టేసి మళ్లీ ముట్టుకోనిది ఆ రోజు నుంచే.

దీనికి మందు మొదటి మూడు రోజుల్లోనే ఉంది. ఖాళీ మైదానంలో, చదునైన నేల మీద, ఫస్టు గేరు వేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను నిదానంగా వదలాలి. ఒకచోట ఇంజను చప్పుడు బరువెక్కి బండి సన్నగా వణుకుతుంది. క్లచ్ పట్టే చోటు అదే. పాదాన్ని అక్కడ రెండు సెకన్లు ఆపితే బండి తనంతట తాను పాకుతుంది. నాలుగడుగులు పోనిచ్చి ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు ముప్పైసార్లు. "సార్, మీ కాళ్లు పక్కకు పెట్టుకోండి, ఆఫ్ అయితే కానివ్వండి" అని ట్రైనర్‌కు చెప్పాలి. మొదటి వారంలో బండి ఎన్నిసార్లు ఆఫ్ అయితే అంత మంచిది.

సీటు సర్దుకోకపోతే ఇదంతా దండగ. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకు ఆన్చి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. మీకు ముందు నడిపిన మనిషి ఆరడుగులైతే మీకు క్లచ్ సగమే అందుతుంది, గేరు కర్రుమంటుంది, తప్పు మీదనుకుంటారు. ఎక్కగానే సీటు, తర్వాత అద్దాలు, తర్వాత బెల్టు. ఒక నిమిషం పట్టే పని.

ఎక్కుడు మీద ఆగి కదలడం చాలా స్కూళ్లు ఒక్కరోజులో ముగిస్తాయి. నాలుగు రోజులు అడగండి. హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్‌ను పట్టే చోటుకు తెచ్చి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, బానెట్ కాస్త లేచినట్టు అనిపించాకే హ్యాండ్‌బ్రేక్ వదలాలి. ముందే వదిలితే బండి వెనక్కి జారుతుంది. చెరువు కట్టలు, కాలువ వంతెనలు ఎక్కే మన తొవ్వలకు ఇది తప్పదు.

టెస్టులో అందరూ భయపడే 'హెచ్' ట్రాక్‌ను (ఇంగ్లిషు H ఆకారంలో కర్రలు పాతిన దారి) మాత్రం స్కూళ్లు బాగానే చేయిస్తాయి. కాకపోతే 'రెండో కర్ర అద్దంలో కనపడగానే ఒక చుట్టు తిప్పు' అని లెక్కలు బట్టీ పట్టిస్తారు. ఆ లెక్క ఆ కారుకు, ఆ సీటు ఎత్తుకు, ఆ కర్రలకే సరిపోతుంది. వెనక టైరు ఎటు పోతోందో రెండు పక్కల అద్దాల్లో చూసుకుంటూ, బండిని క్లచ్ మీదే పాకిస్తూ తిప్పడం నేర్చుకుంటే ఏ కారైనా ఒకటే. టెస్టు తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ పోవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

తేదీలు కలుపుకోవడం ఎవరూ చెప్పరు. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకు ముందుగా ఇచ్చే లెర్నర్ లైసెన్సు, లేకుండా రోడ్డు మీద నేర్చుకోకూడదు. అది వచ్చిన 30 రోజులకు గానీ టెస్టు ఉండదు, దాని గడువు ఆరు నెలలు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన మర్నాడే కోర్సు మొదలుపెడితే అయిపోయాక పది రోజులు ఖాళీ, చెయ్యి మొద్దుబారుతుంది. పదో రోజు మొదలుపెట్టి ముప్పయ్యో రోజు దగ్గర ముగిసేలా చూసుకోండి. నలభై దాటినవాళ్లు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి. బైకు లైసెన్సు ఉన్నా కారుకు వేరే ఎల్‌ఎల్‌ఆర్ తీయాల్సిందే.

ఇక కోర్సులో అసలే లేనిది రాత్రి. వానాకాలం పంట కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలకు ఏప్రిల్, మే నెలల్లో, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో సగం రోడ్డు వడ్లతో నిండి ఉంటుంది. అంచుల్లో రాళ్లు పేర్చి, మీద నల్ల పట్టా కప్పుతారు. రాత్రి డిమ్ లైట్లో ఆ పట్టా దగ్గరికి వచ్చేదాకా కనపడదు. గంటకు 60లో పోతుంటే కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది, 40లో అయితే 11. కాబట్టి కోతల కాలంలో ఊరి తొవ్వ మీద రాత్రి 40 దాటొద్దు. తప్పక వడ్ల మీదికి ఎక్కితే గట్టిగా బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ విరవొద్దు. గింజలు టైరు కింద దొర్లి బండి పక్కకు జారుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి తిన్నగా పోనివ్వాలి. వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు దాటే గొర్ల మందలు ఏడాది పొడవునా ఉండేవే. ఎదురుగా హైబీమ్ వేసుకుని బండి వస్తే దాని లైట్ల వైపు చూడకుండా ఎడమ అంచు గీత మీద చూపు పెట్టి వేగం తగ్గించాలి.

డబ్బు కట్టేముందు అడగాల్సిన మాట ఇదే: "చివరి మూడు క్లాసులు పొద్దుగూకాక ఏడింటికి, మా ఊరి తొవ్వ మీద ఇస్తారా?" ఒప్పుకునే స్కూలు వెయ్యి ఎక్కువ అడిగినా అక్కడే చేరండి. ఎవరూ ఒప్పుకోకపోతే కోర్సు అయిపోయాక ఎల్ బోర్డు ఉంచే, లైసెన్సున్న ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వరుసగా పది రాత్రులు మండల కేంద్రం దాకా పోయి రండి. హైదరాబాద్‌కు మాత్రం మొదటి ఆరు నెలలు బస్సులోనే పోండి.