పోడియం తోట కంటే వీధి కానుగలే మేలు: విజయనగరంలో కొన్నేళ్లు ఉండి చూశాక

కోట జంక్షన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది మా కాంప్లెక్స్. కింద కొట్లు, క్లినిక్కులు. వాటి స్లాబు మీద తోట (పోడియం తోట అంటారు దీన్నే), దాని చుట్టూ ఫ్లాట్లు. కొనేటప్పుడు మా అందరినీ పట్టేసింది ఆ పైన తోటే. పచ్చిక, రాయల్ పామ్‌లు, ఫౌంటెన్‌తో బ్రోచర్ నిండా అదే ఉండేది. వీధివైపు నాటిన కానుగ మొక్కల ఊసే లేదు. ఇన్నేళ్లు కాపురం ఉన్నాక మార్కులు వేయమంటే వీధివైపు పనికి పదికి తొమ్మిది, పైన తోటకు నాలుగు ఇస్తాను.

ముందు వీధి సంగతి. కొట్ల ముందు ప్రహరీ కట్టకుండా కాస్త జాగా వదిలి, వరసగా కానుగలు వేశారు. మొదళ్ల చుట్టూ మట్టి బాగా వదిలారు, సిమెంటు పూయలేదు. పేవర్ బ్లాకుల వాలు కూడా అటే ఉండడంతో మామూలు వానకు నీళ్లు రోడ్డెక్కకుండా చెట్లకే పోతాయి. ఒక్కో చెట్టు చుట్టూ మోకాలెత్తున గ్రానైట్ అరుగు ఉంది. క్లినిక్కుకు వచ్చిన ముసలివాళ్లు, టిఫిన్ ప్లేటు పట్టుకున్న కాలేజీ పిల్లలు, ఆటోవాళ్లు, అందరూ అక్కడే కూర్చుంటారు. సిరిమానోత్సవం రోజు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లలను ఆ నీడలోనే పడుకోబెట్టుకుంటాయి. కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా వెంటనే చిగురిస్తుంది, మే నెల ఎండకు నీడ సిద్ధంగా ఉంటుంది. పూలు రాలే రోజుల్లో కొట్లవాళ్లు ఊడవలేక విసుక్కుంటారు గానీ, చెట్లు కొట్టేయమని ఒక్కరూ అనలేదు. ఆ నీడకే కదా బేరాలు నిలుస్తున్నాయి!

ఇక పైకి వెళ్దాం. పచ్చికకు అడుగు లోతు మట్టి ఉంటే సరిపోతుంది. ఓ మోస్తరు చెట్టుకు కనీసం మీటరు లోతు కావాలి. తడిసిన మట్టి మీటరు లోతున ఉంటే చదరపు మీటరుకు దాదాపు రెండు టన్నుల బరువు పడుతుంది. అంత బరువు మోసేలా స్లాబును మొదట్లోనే డిజైన్ చేయాలి. మా బిల్డర్ అది చేయకుండా పచ్చికకు పోసిన మట్టిలోనే పామ్‌లు పాతించాడు. ఎండిపోయిన ఒకదాన్ని పీకినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వేర్లు కిందికి దిగే దారి లేక ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని చాపలా అయిపోయాయి. "స్లాబు తగిలేసిందండి, ఇంకెక్కడికెళ్తాయి?" అన్నాడు మాలీ.

బతికినవి కూడా నీడ ఇవ్వవు. వేసవిలో సాయంత్రం ఐదు దాటేదాకా టైల్స్ మీద పిల్లలు అడుగు పెట్టలేరు. కొరియన్ గడ్డి బోరు నీళ్లన్నీ తాగేస్తుంది. వానాకాలం వస్తే ఇంకో టెన్షన్. డ్రెయిన్ మూతల మీద నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ వేయలేదు, గొట్టాలు పూడుకుపోయి కింద క్లినిక్ సీలింగ్ కారింది. బాగు చేయించాలంటే ఆ మేర తోటంతా తవ్వాల్సి వచ్చింది, ఆ ఖర్చు మా మెయింటెనెన్స్ మీదే పడింది.

ఆ నాలుగు మార్కులూ అంచుల్లోని నందివర్ధనాలకు, మందారాలకు, నూరువరహాలకు. తక్కువ మట్టిలోనే నిండుగా ఉంటాయి, పొద్దున్నే పూజకు పూలు దొరుకుతాయి. ఫ్లాట్ల దారిని పక్క సందులోంచి పెట్టి, మధ్యలో గుబురు మొక్కలు వేయడం కూడా మంచి పని. కొట్ల రద్దీ మా గుమ్మం దాకా రాదు.

హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో మా పాత వీధి తురాయి చెట్లు వేళ్లతో సహా లేచిపోవడం చూశాను. అందుకే పైన మళ్లీ పెద్ద చెట్లు వద్దని అసోసియేషన్‌లో గట్టిగా వాదించాను. సగం పచ్చిక తీసేసి, స్లాబుకు సరిగ్గా బిగించిన ఇనుప పందిరి మీద రాధామనోహరం పాకిద్దామని తేలింది.

ఇలాంటి చోట ఫ్లాటు చూస్తున్నవాళ్లు బిల్డర్‌ను సెక్షన్ డ్రాయింగ్, అంటే బిల్డింగ్‌ను నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, అడగండి. తోట కింద మట్టి మందం ఎంతో, డ్రెయిన్లు ఎక్కడున్నాయో అందులో తెలుస్తుంది. కట్టేసిన బిల్డింగ్ అయితే అక్టోబరు వానల్లో ఓసారి వెళ్లి, కింది కొట్ల సీలింగ్ చూసి రండి.