పైగాలి సాంద్రత కొలవాలంటే ఏది మేలు: కక్ష్య లెక్కలా, యాక్సెలెరోమీటరా?

400 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉండదనుకుంటాం. ఉంటుంది, కాకపోతే మరీ పలచగా. అదే ఉపగ్రహాలను రోజూ కాస్తంత కిందికి దించుతుంది. ఎంత దిగాయో చూసి గాలి ఎంత చిక్కగా ఉందో లెక్కకడతారు.

పాత పద్ధతి టీఎల్ఈలది (టూ-లైన్ ఎలిమెంట్స్, అంటే రెండు లైన్ల కక్ష్య వివరాలు). రాడార్లు చూసిన ప్రతి వస్తువు కక్ష్యనూ 69 అక్షరాల లైన్లు రెండింటిలో కుదిస్తారు. రెండో లైన్ చివర్లో రోజుకు ఎన్ని చుట్లో ఉంటుంది. అది 15.50 నుంచి 15.51 అయిందంటే ఉపగ్రహం దాదాపు 3 కిలోమీటర్లు దిగినట్టే. గాలి అడ్డుకుంటే చుట్లు తగ్గాలి గానీ పెరగడమేంటని మొదట్లో నేనూ తికమకపడ్డాను. కిందికి జారేకొద్దీ కక్ష్య చిన్నదవుతుంది, వేగమూ పెరుగుతుంది. అదీ సంగతి.

చిక్కల్లా ఇది కొన్ని రోజుల సగటు కావడమే. పైగా పల్టీలు కొట్టే రాకెట్ ముక్క గాలికి ఎంత వెడల్పున ఎదురవుతోందో చెప్పలేం. ఎటు తిరిగినా ఒకేలా ఉండాలనే 1961లో ఎక్స్‌ప్లోరర్ 9 పేరుతో 12 అడుగుల బెలూన్‌నే పంపారు.

రెండోది యాక్సెలెరోమీటర్, అంటే వేగంలో మార్పును పట్టే పరికరం. 2000లో ఎగిరిన చాంప్ ఉపగ్రహం, 2002 నాటి గ్రేస్ ఉపగ్రహాల జంట దీన్ని మోసుకెళ్లాయి. లోపల చిన్న లోహపు దిమ్మ ఉంటుంది. గాలి ఉపగ్రహాన్ని తాకుతుంది, దిమ్మను తాకదు. దిమ్మను నడిమధ్యే నిలిపి ఉంచడానికి ఎంత బలం కావాలో చూస్తే గాలి ఉపగ్రహాన్ని ఎంతగా అడ్డుకుంటోందో, దాన్నిబట్టి సాంద్రతా తెలిసిపోతాయి. ఎండ నెట్టే బలాన్ని మాత్రం విడిగా తీసేయాలి. 10 సెకన్లకో కొలత, అంటే దాదాపు 76 కిలోమీటర్లకొకటి!

సౌర తుపానులో, అంటే సూర్యుడి నుంచి ఎగసివచ్చే కణాల తాకిడికి పైగాలి వేడెక్కినప్పుడు, గాలి ఎక్కడ, ఎప్పుడు ఉబ్బిందో తెలియాలంటే ఇదే కావాలి. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుపానుకే, అప్పుడే ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 చిక్కబడిన గాలికి కిందికి జారి పోయాయి. అలాంటిచోట రోజుల సగటు ఏం పనికొస్తుంది? జీపీఎస్ ఉన్న ఉపగ్రహాలతో మధ్యేమార్గమూ ఉంది, కానీ యాక్సెలెరోమీటరంత సూక్ష్మంగా పట్టదు.

అయినా ఒక్కటే ఉంచుకోమంటే నేను టీఎల్ఈలనే ఎంచుకుంటాను. కార్బన్ డయాక్సైడ్ పెరిగి పైగాలి చల్లబడి కుంచించుకుపోతోందన్నది దశాబ్దాల కక్ష్యల రికార్డులోనే బయటపడింది. చాంప్ కొలతలు 2010లో అది కాలిపోవడంతో ఆగిపోయాయి. రాడార్లు మాత్రం పనిచేయని ఉపగ్రహాలనూ, రాకెట్ ముక్కలనూ ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉన్నాయి.