బేర్డెడ్ డ్రాగన్‌కు యూవీబీ: చిన్న బల్బా, పొడవాటి ట్యూబా?

పెద్దయిన బేర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిని దత్తత తెచ్చుకుంటే, పాత గూటితోపాటు చాలాసార్లు మెలికల యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) బల్బు కూడా వస్తుంది. అదే ఉంచాలా, టీ5 ట్యూబ్ (సన్నటి యూవీబీ ట్యూబ్‌లైట్) కొనాలా?

ఖర్చు: బల్బు చవక. ట్యూబ్‌కి బిగించే ఫిక్చర్ కూడా కొనాలి.

వెలుగు: బల్బుది కింద కాస్త చోటే. ట్యూబ్ 4 అడుగుల గూట్లో సగానికి పైగా పరుచుకుంటుంది.

మార్చడం: బల్బు సుమారు 6 నెలలకు, ట్యూబ్ ఏడాదికి.

రిస్క్: నాకు అసలు టెన్షన్ ఇదే. యూవీబీ చాలకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారవదు, కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు మెత్తబడి వంకరపోతాయి. పాత బల్బు వెలుగుతున్నా అందులో యూవీబీ అడుగంటి ఉండొచ్చు, కంటికి తెలియదు. ఎప్పుడు కొన్నారో తెలియని బల్బుని దయచేసి నమ్మకండి.

కొన్ని వారాల తాత్కాలిక డబ్బాకి కొత్త బల్బు పర్వాలేదు. శాశ్వత గూటికి ట్యూబే. ఏదైనా సరే, మధ్యలో అద్దం ఉండకూడదు. యూవీబీని అద్దం ఆపేస్తుంది.