లాఫెరారీ, పీ1, 918 స్పైడర్: మూడింట్లో ఏది మేలు?

2013 మార్చి జెనీవా మోటార్ షోలో ఒకేసారి రెండు కార్ల మీద ముసుగు తొలగింది. ఒకటి ఫెరారీ వాళ్ల లాఫెరారీ, రెండోది మెక్‌లారెన్ పీ1. పోర్షే 918 స్పైడర్ అప్పటికి మూడేళ్లుగా ఊరిస్తూనే ఉంది. 2010లో అదే జెనీవాలో నమూనా చూపించారు, అసలు తయారీ మాత్రం 2013 సెప్టెంబరులో మొదలైంది. మూడూ హైబ్రిడ్లే, అంటే పెట్రోలు ఇంజనుకు తోడు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉన్నవే. మూడింటి పవరూ తొమ్మిది వందల హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. మూడూ లెక్క పెట్టి తయారు చేసినవే. కార్ల పిచ్చోళ్లు వీటికి 'హోలీ ట్రినిటీ' అని పేరు పెట్టి అప్పుడు మొదలుపెట్టిన గొడవ ఇప్పటికీ తెగలేదు. సంక్రాంతికి ముగ్గురు హీరోల సినిమాలు ఒకే వారంలో దిగినట్టే ఉంటుంది వ్యవహారం. ఎవరి ఫ్యాన్స్ చేతిలో వాళ్ల కలెక్షన్ల లెక్క ఉంటుంది, అవతలివాళ్ల లెక్క ఎప్పుడూ ఫేకే.

నా ఓటు 918కి. మిగతా రెండూ తక్కువవని కాదు. బ్యాటరీని, మోటారును కారులో ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పింది పోర్షే ఒక్కటే అని నా నమ్మకం.

ముందు ఆ సంగతే చూద్దాం, ఎందుకంటే ఈ మూడు కార్లకూ అసలు తేడా అక్కడే ఉంది. లాఫెరారీలో 6.3 లీటర్ల వీ12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజను ఒక్కటే 800 హార్స్‌పవర్ ఇస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు ఇంకో 163 కలుపుతుంది, మొత్తం 963. దీనికి ఛార్జింగ్ ప్లగ్గే లేదు. ఇంజను ఆపేసి కరెంటు మీద మాత్రమే నడిపే మోడ్ కూడా కొనేవాడికి ఇవ్వలేదు. బ్రేకులు వేసినప్పుడు వచ్చే శక్తి, మలుపుల్లో వీ12 ఇచ్చే ఖర్చు కాని శక్తి చిన్న బ్యాటరీలోకి వెళ్తాయి, అక్కడి నుంచి మళ్లీ చక్రాలకు వస్తాయి. డ్రైవరు ఏ బటనూ నొక్కక్కర్లేదు, అసలు హైబ్రిడ్ అన్న సంగతి గుర్తు పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. బ్రేకుల శక్తిని దాచుకుని వాడుకునే, ఫార్ములా వన్‌లో వాడిన కెర్స్ పద్ధతిని రోడ్డు కారులోకి దించారన్నమాట. ఇంజను మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది పండగే. మోటారు ఇక్కడ వీ12కి సాయం చేస్తుంది తప్ప తన ఊసెత్తదు.

పీ1 ఆలోచన వేరు. 3.8 లీటర్ల వీ8కి రెండు టర్బోలు (ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసేవి) తగిలించి, ఆ టర్బోలు ఊపు అందుకునే లోపు వచ్చే ఖాళీని మోటారుతో నింపారు. యాక్సిలరేటర్ తొక్కగానే మోటారు లాగుతుంది, ఆ వెంటనే టర్బోలు అందుకుంటాయి. మొత్తం 916 హార్స్‌పవర్. స్టీరింగ్ మీద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి నొక్కితే ఎలక్ట్రిక్ పవర్ మొత్తం ఒక్కసారిగా వస్తుంది. రెండోది నొక్కితే వెనక రెక్క పడుకుని గాలిని వదిలేస్తుంది. ఇంకో విశేషం, పీ1 బ్రేకులతో ఛార్జింగ్ చేసుకోదు. బ్రేకులోకి ఆ పని కూడా చొప్పిస్తే పెడల్ కింద కాలికి తెలియాల్సింది తెలియదని మెక్‌లారెన్ ఇంజనీర్లు దాన్ని వద్దనుకున్నారు. ఇంజనుతోనో, ఇంట్లో ప్లగ్గుతోనో ఛార్జ్ చేసుకోవాలి. హైబ్రిడ్ కారు తీసి బ్రేకుల శక్తిని గాలికి వదిలేయడమేంటని ఎవరైనా అడిగితే న్యాయమైన ప్రశ్నే. కానీ బ్రేకు తొక్కినప్పుడు పాదానికి తెలిసే ఆ స్పర్శ కోసమే పీ1ని ప్రేమించేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నేను వాదించను.

ఇక 918. 4.6 లీటర్ల వీ8, టర్బోలు లేవు, 9,000 ఆర్‌పీఎం దాటి తిరుగుతుంది. దీని మూలం ఆర్ఎస్ స్పైడర్ అనే రేసు కారు ఇంజను. వెనక ఒక మోటారు, ముందు చక్రాలకు విడిగా ఇంకో మోటారు. అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి. మొత్తం 887 హార్స్‌పవర్, అంటే మూడింట్లో తక్కువ ఇదే. బరువేమో మూడింట్లోకీ ఎక్కువ, దాదాపు 1,670 కిలోలు. కాగితం మీద చూస్తే ఓడిపోవాల్సిన బండి. అయినా సున్నా నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగానికి కంపెనీ చెప్పిన సమయం 2.6 సెకన్లు, పీ1కి 2.8. ఫెరారీ '3 లోపు' అని ఊరుకుంది. కారణం సులువు. తొమ్మిది వందల గుర్రాలను రెండే రెండు వెనక టైర్లతో రోడ్డుకు దించడం కష్టం, ముందు టైర్లు కూడా పని చేస్తే కొంత తేలిక.

మరి మూడు వందలకు ఎవరు ముందు? అక్కడ కథ తిరగబడుతుంది. లాఫెరారీ 15 సెకన్లలో, పీ1 16.5లో చేరతాయి. 918కి దాదాపు 20 పడుతుంది. వేగం పెరిగేకొద్దీ టైరు పట్టు కంటే పవరు, బరువే నిర్ణయిస్తాయి కాబట్టి ఇందులో వింతేం లేదు. ఫెరారీ ఫ్యాన్స్ ఈ ఒక్క లెక్కే పట్టుకుని పదేళ్లుగా తిరుగుతున్నారు. నిజమే, కానీ రోడ్డు మీద మూడు వందలు దాటే అవకాశం ఎంతమందికి, ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? వంద లోపు ఊపు మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద. 2013 సెప్టెంబరులో పోర్షే రేసు డ్రైవరు మార్క్ లీబ్ 918తో ఒక చుట్టు 6 నిమిషాల 57 సెకన్లలో పూర్తి చేశాడు. అంతకుముందు మామూలు రోడ్డు కార్లలో ఏడు నిమిషాల గీత ఎవరూ దాటలేదు. పోర్షే సమయం చెప్పింది, వీడియో కూడా బయటపెట్టింది. మెక్‌లారెన్ మాత్రం "మేమూ ఏడు నిమిషాల లోపే" అని ఊరుకుంది. ఎంత లోపు? చెప్పలేదు. ఫెరారీ అయితే రింగ్ మాటే ఎత్తకుండా తన సొంత ట్రాక్ ఫియొరానోలో 1 నిమిషం 19.7 సెకన్లు అని ప్రకటించుకుంది. సొంత ఇంట్లో పరీక్ష రాసి ఫస్ట్ వచ్చానంటే ఏం చేస్తాం, చప్పట్లు కొడతాం. మెక్‌లారెన్ మౌనానికి ఫ్యాన్స్ చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. నాకు తోచింది ఒక్కటే: 6:57 కంటే తక్కువ వచ్చి ఉంటే ఆ అంకె ఎప్పుడో పోస్టరెక్కేది.

టైర్ల సంగతి కూడా ఉంది. 918కి మిషెలిన్ కప్ 2 టైర్లు, మిగతా రెంటికీ పిరెల్లీ పీ జీరో కోర్సాలు. ట్రాక్ మీద ఒకటి రెండు సెకన్ల తేడా టైర్ల వల్లే రావచ్చు. అందుకే మూడింటినీ ఒకే రోజు, ఒకే ట్రాక్‌లో, ఒకే డ్రైవరుతో పరీక్షించాలని అందరూ అడిగారు. అది కంపెనీలు కలిసి చేసిన పని కాదు. 2015లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ఒక ఓనరు తన సొంత కార్లతోనే ఆ ముచ్చట తీర్చాడు. పీ1 ముందు వచ్చింది, 918 రెండు, లాఫెరారీ మూడు. మొదటి కారుకీ మూడోదానికీ తేడా అర సెకను కూడా లేదు. ఇంత హడావుడీ చేసి తేలింది అర సెకను! ఆ రోజు నుంచి స్టాప్‌వాచ్ వాదనను నేను పెద్దగా పట్టించుకోవడం మానేశాను.

అయితే ఏది చూసి తేల్చాలి? లోపల కూర్చున్నవాడికి ఏం దక్కుతుందో చూడాలి.

లాఫెరారీలో సీటు కదలదు. ఓనరు ఒంటి కొలతలకు తగ్గట్టు ప్యాడింగ్ చేసిస్తారు, పెడల్సూ స్టీరింగూ అతని దగ్గరికి వస్తాయి. అదొక దర్జా. పీ1లో రేస్ మోడ్ పెడితే కారు 50 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, వెనక రెక్క 300 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. నిలబడి ఉన్న కారు అలా నేలకు అతుక్కుపోతుంటే చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ మోడ్ ట్రాక్ మీదికే, రోడ్డు మీద వాడకూడదు.

918 స్టీరింగ్ మీద ఒక చిన్న గుండ్రటి స్విచ్ ఉంటుంది. తాళం తిప్పితే ఏ చప్పుడూ రాదు. కరెంటు మీద నిశ్శబ్దంగా వీధి దాటి వెళ్లిపోవచ్చు, గంటకు 150 కిలోమీటర్ల వరకు కరెంటు మీదే పోతుంది. స్విచ్ తిప్పుతూ పోతే హైబ్రిడ్, స్పోర్ట్, రేస్. ఆ స్విచ్ మధ్యలో ఎర్ర బటను, పేరు హాట్ ల్యాప్. నొక్కితే బ్యాటరీలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తుంది. సైలెన్సర్ గొట్టాలు వెనక బంపరు కింద ఉండవు, సీట్ల వెనక, ఇంజను నెత్తి మీదే తెరుచుకుంటాయి. పైకప్పు పలకలు రెండూ ఊడదీసి ముందు డిక్కీలో పెట్టుకుంటే ఆ మోత నేరుగా చెవుల్లోకే. పొద్దున పక్కింటివాళ్లు లేవకుండా బయల్దేరి, మధ్యాహ్నానికి రింగ్‌లో రికార్డు సమయానికి తిరిగి, సాయంత్రం అదే కారులో ఇంటికి రావచ్చు. రికార్డు కొట్టిన లీబ్ చేతులు మనకుంటే!

918 మీద అందరూ చేసే ఫిర్యాదు, "మరీ బుద్ధిమంతుడిలా ఉంటుంది, భయపెట్టదు" అని. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాని విమర్శ. పీ1 వెనక టైర్లు మూడో గేరులో కూడా జారడానికి సిద్ధంగా ఉంటాయి, నిజంగానే గుండె ఝల్లుమంటుంది. కానీ భయపెట్టడమే గొప్పయితే అరిగిన టైర్లేసుకుని వానలో తిరిగినా చాలు. ఎవరు నడిపినా దారిలో ఉంచడం ఇంజనీరింగ్‌లో కష్టమైన పని, ఆ పని చేసినందుకు పోర్షేకి మార్కులు కొయ్యడం అన్యాయం.

సంఖ్యల విషయంలోనూ నాకు పోర్షే పద్ధతే నచ్చింది. 918 కార్లు చేస్తామన్నారు, 918 చేసి 2015 జూన్‌లో ఆపేశారు. పీ1 375 దగ్గర ఆగింది, ట్రాక్ కోసం మాత్రం 58 జీటీఆర్లు విడిగా చేశారు. ఫెరారీ 499 అంది. 2016లో ఇటలీ భూకంప బాధితుల కోసమని ఇంకొకటి చేసి 70 లక్షల డాలర్లకు వేలం వేసింది. మంచి పనికి చేశారు, తప్పు పట్టలేం. కానీ ఆ వెంటే పైకప్పు లేని అపెర్టా పేరుతో ఇంకో 210 వచ్చాయి. మొదట్లో కొన్నవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. పైగా లాఫెరారీ డబ్బులుంటే దొరికే కారు కాదు. అప్పటికే ఫెరారీలు కొని ఉండాలి, కంపెనీయే పిలవాలి.

ధర విషయంలో మాత్రం మార్కెట్ నాతో ఒప్పుకోదు. కొత్తలో 918 ధర అమెరికాలో 8,45,000 డాలర్లు, పీ1 బ్రిటన్‌లో 8,66,000 పౌండ్లు, లాఫెరారీ పది లక్షల యూరోలకు పైన. ఇప్పుడు వేలాల్లో లాఫెరారీ 30 లక్షల డాలర్లు దాటి ఎక్కడికో వెళ్లిపోయింది, మిగతా రెండూ దాని వెనక చాలా దూరంలో ఉన్నాయి. మూడింట్లో చవగ్గా దొరికేది ఎక్కువగా పీ1. వాడిన కారు కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న మైలేజీ కాదు, బ్యాటరీ ఎలా ఉందని. యాభై ఏళ్ల పాత వీ12ని ఇవాళ్టికీ విప్పి బాగు చేసేవాళ్లున్నారు. 2013 నాటి లిథియం బ్యాటరీ సంగతి అలా కాదు, వాడకపోయినా వయసు మీద పడుతుంది. ఈ లెక్కన రేపు బ్యాటరీ మూలన పడ్డా 800 గుర్రాల వీ12 మిగిలే లాఫెరారీ మీద కలెక్టర్లు డబ్బులు పెడుతుంటే తెలివితక్కువ అనలేను.

మన దగ్గర ఇవి కనిపించవేమని అడిగేవాళ్లకు ఒక మాట. పన్నుల సంగతి తర్వాత, అసలు మూడూ ఎడమవైపు స్టీరింగ్‌తోనే తయారయ్యాయి. కొత్త కారు దిగుమతి చేసుకోవాలంటే మన నిబంధనల ప్రకారం స్టీరింగ్ కుడివైపు ఉండాలి. కాబట్టి జూబ్లీహిల్స్‌లో ఎంత డబ్బున్నా మామూలు దారిలో నంబర్ ప్లేటు పడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఆ ఇబ్బంది లేదు, ఆదివారం పొద్దున కార్ల మీటింగుల్లో కళ్లారా చూసుకోవచ్చు.

ఎవరి ఆలోచన నిలబడిందో తెలియాలంటే 2024 అక్టోబరులో వచ్చిన వారసుల్ని చూడండి. మెక్‌లారెన్ డబ్ల్యూ1, 399 కార్లు, ఇప్పటికీ వీ8, ఇప్పటికీ వెనక చక్రాలే. పట్టు వదల్లేదు, మెచ్చుకోవాలి. ఫెరారీ ఎఫ్80, 799 కార్లు. అందులో వీ12 లేదు, మూడు లీటర్ల వీ6 టర్బో వచ్చింది. ముందు చక్రాలకు విడిగా ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టారు, నాలుగు చక్రాలూ లాగుతాయి. పదకొండేళ్ల ముందు 918లో అదే అమరిక ఉంటే బరువు ఎక్కువని, భయపెట్టదని వెక్కిరించింది ఈ ఫెరారీ ఫ్యాన్సే. పోర్షే మాత్రం 2023లో మిషన్ ఎక్స్ అని ఒక ఎలక్ట్రిక్ నమూనా చూపించింది. 918కి వారసుడు ఇంకా రోడ్డెక్కలేదు.