పెద్దవాళ్ల ఇంగ్లీషుకు అంకి యాప్: కార్డు రాసే తీరులోనే ఉంది అంతా

అంకి అంటే ముందువైపు ప్రశ్న, వెనక జవాబు ఉన్న కార్డులను మళ్లీ మళ్లీ చూపించి గుర్తుండేలా చేసే యాప్. 2006 నుంచీ ఉంది. చూపులకు సాదాసీదాగా ఉంటుంది. పాయింట్లు, బొమ్మలు ఏమీ ఉండవు. అయినా ఇంగ్లీషు వాడుక మాటలు పెద్దవాళ్లకు గుర్తుండిపోవాలంటే ముందుగా చెప్పేది దీని పేరే. సులువుగా గుర్తొచ్చిన కార్డు కొన్ని రోజులకు, ఆపైన వారాలకు, నెలలకు మళ్లీ కనిపిస్తుంది. మరిచిపోయింది వెంటనే తిరిగొస్తుంది.

కాకపోతే కార్డు సరిగా రాయాలి. ముందువైపు 'డిస్కస్', వెనక 'చర్చించు' అని రాసుకున్నవారు మీటింగులో 'డిస్కస్ అబౌట్ ద శాలరీ' అనేస్తారు. 'జీతం గురించి చర్చించడం' అనడం మనకు అలవాటు మరి, ఇంగ్లీషులో అక్కడ 'అబౌట్' రాదు. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' కూడా ఇలా వచ్చేదే. అందుకే ఒంటి మాటలు వద్దు. నోట్ రకాల్లో 'క్లోజ్' (ఖాళీ పూరించేది) ఎంచుకుని వాక్యం మొత్తం రాయండి, తడబడే చోట మాత్రమే ఖాళీ పెట్టండి: 'కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ దిస్ ___ మీ?' (జవాబు 'టు'). కార్డుకు ఒక్కటే ఖాళీ. రెండుంటే ఒకటి వచ్చి ఒకటి రానప్పుడు, ఎంత గుర్తొచ్చిందో చెప్పే బటన్లలో ఏది నొక్కాలో తేలదు. కింద సందర్భం తెలుగులో రాయండి: బ్యాంకులో, మేనేజరుతో, ఫోనులో. జవాబు చూసేముందు వాక్యమంతా పైకి అనాలి. మనసులో అనుకున్నది నోటికి రాదు.

రోజుకు కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని 5కి తగ్గించండి. 20 చొప్పున పోతే కొన్ని వారాల్లో రోజూ తిరగేయాల్సిన పాతవి 200 దాకా చేరతాయి. నాలుగు రోజులు వదిలేశాక ఆ కుప్ప చూసి మానేసేవారే ఎక్కువ. అలా పేరుకుంటే కొత్తవి సున్నా చేసి, పాతవి తీరాకే మళ్లీ మొదలుపెట్టాలి.

జవాబు రానప్పుడు మొహమాటం లేకుండా 'అగైన్' నొక్కాలి. 'హార్డ్' నొక్కితే కష్టమైనా గుర్తొచ్చిందని లెక్కేసుకుని కార్డును దూరం పంపేస్తుంది. గుర్తున్న కార్డునే మళ్లీ మళ్లీ మరిచిపోతూ 8 సార్లకు చేరితే 'లీచ్' (జలగ) అని ముద్ర పడుతుంది. దాన్ని బట్టీ పట్టకుండా, మీ పనికి దగ్గరైన వేరే వాక్యంతో తిరగరాయండి.

ఉచ్చారణ సరిదిద్దడం, ఎదురు మాట్లాడటం దీనివల్ల కాదు. వాటికి మనిషి తోడు కావాల్సిందే.

కంప్యూటర్లో ఉచితం. ఆండ్రాయిడ్‌లో 'అంకిడ్రాయిడ్' కూడా ఉచితమే. ఐఫోన్‌లో 'అంకిమొబైల్'కు ఒక్కసారి డబ్బు కట్టాలి. పేరు కలిసే వేరే యాప్‌లు స్టోర్లలో ఉన్నాయి, చూసి దించుకోండి.