క్లూనీ: మఠం మరువలేనిది, బస మాత్రం మరువదగినది

ఫ్రాన్సులోని క్లూనీ, పాత క్రైస్తవ మఠం ఉన్న చిన్న ఊరు. అక్టోబరు మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగుంబావు. సన్నటి వానలో, మూసి ఉన్న తలుపు ముందు రెండు పెట్టెలతో నేనూ మా ఆవిడా. తలుపుకు అంకెల తాళం. ఆ అంకెలు మాకు ఎవరూ పంపలేదు. ఫోను చేస్తే ఫ్రెంచిలో రికార్డు చేసిన గొంతు ఒకటే మాట చెప్పి పెట్టేస్తోంది. రెండు రాత్రులకు 184 యూరోలు ముందే కట్టించుకున్న బస అది.

అరగంట తర్వాత పక్కింటి పెద్దావిడ కిటికీలోంచి చూసి, లోపలికి రమ్మని సైగ చేసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు ఫ్రెంచి రాదు. వేడి వేడి టీ ఇచ్చింది, మా ఆవిడ తడిసిన శాలువా తీసుకుని ఆరవేసింది, తనే ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆరున్నరకు యజమాని వచ్చాడు. క్షమించమన్న మాట లేదు. ఈ-మెయిల్ పంపానన్నాడు, నా ఫోను ముందుపెట్టి చూపించమంటే చూపించలేకపోయాడు. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. వేడి రావడం లేదంటే, గదులు వేడి చేయడం ఈ నెల 15 తర్వాతే మొదలవుతుందన్నాడు. ఉదయం రొట్టె, వెన్న, కాఫీకి మనిషికి 11 యూరోలు. పర్యాటక పన్ను మనిషికి రోజుకు 1.10, ఇది ఫ్రాన్సులో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. రెండో రాత్రి ఉండం, ఆ 92 యూరోలు ఇచ్చేయండి అంటే మాత్రం ససేమిరా అన్నాడు. ఆ రాత్రి మా ఆవిడ స్వెట్టరు విప్పకుండానే పడుకుంది, నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఊరు ఎంచింది నేను కదా.

లియోన్‌లో ఉన్న మా అమ్మాయి మధ్యాహ్నం పూట చూసి వచ్చేయమంది. రైల్లో మాకోన్, అక్కడి నుంచి బస్సులో క్లూనీ, ప్రయాణం సులువే. అయినా రెండు రాత్రులు ఉండాలని పట్టుబట్టాను. సోమవారం ఉదయం మఠంలోకి అడుగుపెట్టాక నా పట్టుదల తప్పు కాదనిపించింది.

910లో అక్విటేన్ డ్యూక్ గియోమ్ ఈ నేలను సన్యాసులకు ఇచ్చాడు. ఏ జమీందారుకూ, ఏ బిషప్పుకూ దీని ఆస్తి మీద చేయి వేసే హక్కు ఉండకూడదని, ఇది రోములోని పోపు రక్షణలో ఉండాలని రాయించాడు. ఆ స్వేచ్ఛే దీన్ని పెంచింది. యూరప్ అంతటా వెయ్యికి పైగా మఠాలు దీని కిందికి వచ్చాయి, దీని గోడల పక్కనే ఊరు పుట్టింది. ఈ మఠంలో ఒకదాని తర్వాత ఒకటి కట్టిన చర్చిల్లో మూడోది 1088లో మొదలుపెట్టారు, దాని పొడవు 187 మీటర్లు. రోములో సెయింట్ పీటర్స్ కొత్తగా కట్టేదాకా క్రైస్తవ లోకంలో ఇంతకంటే పెద్ద చర్చి లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత 1798లో దాన్ని వ్యాపారులకు అమ్మేశారు. వాళ్లు ఏళ్ల తరబడి పగలగొట్టి రాయి అమ్ముకున్నారు. పదో వంతు కూడా మిగలలేదు.

ఆ మాట చదివినప్పుడు మనసుకు ఎక్కదు, నడిస్తే ఎక్కుతుంది. పడమర వాకిలి దగ్గర రెండు మొండి బురుజుల నుంచి బయలుదేరి చర్చి ఉండిన చోటే నడిచాం. రెండు పక్కలా ఇళ్లు, మధ్యలో వీధి, తలపైన ఆకాశం. మా ఆవిడ అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసింది. చివరికి చర్చి పక్కకు చేయి చాచినట్టుండే దక్షిణపు బాహువు ఒక్కటే నిలిచి ఉంది. దాని కింద నిలబడి మెడ ఎత్తితే కప్పు ఎక్కడో ఉంది. ఒక మూల ఇంత ఎత్తయితే మొత్తం ఎలా ఉండేదో!

పిండి నిలవచేసిన 13వ శతాబ్దపు కొట్టు, ఫారినియే, తప్పక చూడండి. మేడ మీద, తలకిందులు చేసిన ఓడలా ఉన్న కలప కప్పు కింద, కూలగొట్టిన చర్చి స్తంభాల శీర్షాలను అర్ధవలయంగా నిలబెట్టారు. వాటిలో రెండింటి మీద ప్రార్థనా గానంలోని ఎనిమిది స్వరక్రమాలను మనుషుల రూపంలో చెక్కారు. ఒకరి చేతిలో తంత్రీవాద్యం, ఇంకొకరి దగ్గర చిరుగంటలు. మా ఆవిడ పదహారేళ్లు వీణ నేర్చుకుంది. ఆ తంత్రీవాద్యం పట్టుకున్న వాడి చేతివేళ్ల దగ్గర నలభై నిమిషాలు నిలబడింది. "ఏమండీ, ఈ శిల్పి నిజంగా వాయించేవాడిని చూసి చెక్కాడు" అంది. ముందు రోజు సాయంత్రం తర్వాత నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

తిండి సంగతి. ఆదివారం రాత్రి ఒక్క చోటూ తెరిచి లేదు, బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం. సోమవారం కూడా చాలా వాటికి సెలవు. తెరిచిన ఒక చోట వేడి మేకపాల జున్ను (చీజ్)తో ఆకుకూరల సలాడ్, 14.50 యూరోలు. మాంసం వద్దని చెప్పినా పంది మాంసపు చిన్న ముక్కలు వేసి తెచ్చారు. లార్దోన్ అంటారు వాటిని. శాకాహారులు మాంసం వద్దంటే చాలదు, ఆ పేరు పలికి మరీ వద్దనాలి. వడ్డించే అమ్మాయి తెల్లబోయి, పళ్లెం తీసుకెళ్లి కొత్తది తెచ్చింది, పైగా కాఫీకి డబ్బు తీసుకోలేదు. ఆ జున్ను రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

వెళ్లేవాళ్లు శుక్రవారం రాత్రికి చేరండి. శనివారం ఉదయం సంత ఉంటుంది. జున్ను బురుజు అని పిలిచే తూర్ దే ఫ్రొమాజ్‌కు 120 మెట్లు, మోకాళ్లు బాగుంటే ఎక్కండి, ఊరంతా కనిపిస్తుంది. బస తీసుకునే ముందు మూడు అడగండి: తలుపు ఎవరు తీస్తారు, లిఫ్టు ఉందా, వేడి ఎప్పటి నుంచి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సోమవారం సాయంత్రమే లియోన్‌కు తిరిగొచ్చాం. బస్సెక్కే ముందు పెద్దావిడకు మిఠాయి డబ్బా ఇద్దామని వెళితే ఇంట్లో లేదు, కిటికీ గట్టు మీద పెట్టి వచ్చాం. 92 యూరోల కోసం రెండు లేఖలు రాశాను, మూడోది రాస్తున్నాను.